మండెలో ఆ వేడి ఎక్కడిది?

ప్రశ్న: నారుమడి కోసం నాన్న వడ్లు నానబెట్టి గోనెసంచిలో మండె కట్టారు. మర్నాడు పొద్దున్నే సంచిలో చెయ్యి పెడితే జ్వరం ఒంటిలా కాలుతోంది. ఎండ తగల్లేదు, నిప్పు లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? ఎక్కువైతే విత్తనం పోతుందని నాన్న టెన్షన్ పడుతున్నారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, తణుకు

జవాబు: ఆ వేడి వడ్లదేనమ్మా. అవి ఊపిరి తీస్తున్నాయి.

గింజలోని పిండి మొలక కోసం దాచిన సద్దిమూట. నీళ్లు తగిలాక అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ పిండిని చక్కెరగా విడగొడుతుంది. కణంలో ఆ చక్కెర, అంటే గ్లూకోజ్, ముందు రెండు ముక్కలై పైరువేట్ అవుతుంది. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు, మిగిలేదీ రెండు ఏటీపీలే (ఏటీపీ అంటే కణం తన పనులకి శక్తిని పట్టి ఉంచుకునే అణువు). అసలు రాబడి కణం లోపలి శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో. అక్కడ ఆక్సిజన్ సాయంతో ఆ ముక్కలు కార్బన్ డయాక్సైడ్, నీరు అయ్యేసరికి మొత్తం సుమారు 30 ఏటీపీలు చేతికొస్తాయి. పొయ్యిలో కట్టె ఒక్కసారిగా మండుతుంది. కణం అలా కాదు, మెట్టు మెట్టుకీ కాస్త శక్తిని ఏటీపీలో పట్టుకుంటూ దిగుతుంది. ఎంత ఒడుపుగా పట్టినా దక్కేది సగంకన్నా తక్కువే, మిగతాదంతా వేడి. ఒక్క గింజ వేడి గాల్లో కలిసిపోతుంది. బస్తాడు గింజలు ఒత్తుకుని ఉంటే ఎటు పోతుంది?

ఈ ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవాళ్లలో మీ పక్క భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఆయన పేరు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేవాణ్ణి.

మీ నాన్నగారి భయం నిజమే. వేడి మితిమీరితే మొలక చచ్చిపోతుంది. మండె నడుమ గాలి ఆడకపోతే ఇంకో చిక్కు. పైరువేట్ మైటోకాండ్రియాకి వెళ్లకుండా ఆల్కహాల్ అవుతుంది, గ్లూకోజ్‌కి ఆ రెండు ఏటీపీలతోనే సరి. సంచి విప్పగానే కల్లు వాసన కొడితే అర్థం అదే. వరి మొండిది, గాలి లేకపోయినా మొలకెత్తుతుంది. కానీ తెల్లటి మొలక సన్నగా సాగుతుందే తప్ప వేరు సరిగా దిగదు. వేరు లేని మొలకని మడిలో చల్లితే ఏం నిలుస్తుంది? అందుకే మధ్యమధ్యలో నీళ్లు చిలకరించి, అడుగు గింజలు పైకొచ్చేలా కలపమను.

నువ్వే చూడాలనుంటే రెండు థర్మోస్ ఫ్లాస్కులు తీసుకో. ఒకదాంట్లో మొలకెత్తిన పెసలు, ఇంకోదాంట్లో ఉడికించి చల్లార్చినవి వెయ్యి. కాలేజీ ల్యాబ్ థర్మామీటర్లు గుచ్చి, మూతికి దూది పెట్టు. మొలకలున్న ఫ్లాస్కు వేడెక్కుతుంది. మా బడిలో మొదటిసారి చేసినప్పుడు మూడో రోజుకి ఉడికించినవి కూడా వేడెక్కాయి. పిల్లలంతా నా మొహం చూశారు. దూది తీస్తే గింజల నిండా బూజు! దానికీ ప్రాణం ఉంది, అదీ ఊపిరి తీస్తోంది. అప్పట్నుంచి ఉడికించిన గింజల్ని బ్లీచింగ్ నీళ్లతో కడిగాకే వేసేవాళ్లం. నువ్వూ అలాగే చెయ్యి.