(య − 2)(య − 3) = 12 కి పిల్లలు 14, 15 అని ఎందుకు రాస్తున్నారు

మీ క్లాసు పిల్లలు కారణాంకాలు బాగానే చేస్తున్నా, ఈ వర్గ సమీకరణానికి మాత్రం 14, 15 అని రాస్తున్నారని, ఎందుకని అడిగారు. కుడివైపు సున్నానే ఎందుకు ఉండాలో వాళ్లకు అందలేదు. లోపం కారణాంకాల్లో లేదు. య − 2 = 12, య − 3 = 12 అని విడగొట్టేస్తున్నారు. చాలా క్లాసుల్లో సున్నా ఎందుకో చెప్పే మెట్టు దాటేసి నేరుగా పద్ధతికి వెళ్లిపోతారు.

1. లబ్ధం 12 వచ్చే జతలు అడగండి. 3, 4 అంటారు, 2, 6 అంటారు. −3, −4 కూడా, ½, 24 కూడా రప్పించి బోర్డు మీద ఉంచండి. జాబితాకు అంతుండదు.

2. లబ్ధం 0 అయితే? కనీసం ఒకటి 0 అయి తీరాలి. ఈ హామీ సున్నాకు తప్ప ఇంకే సంఖ్యకూ లేదు. ఇక్కడ తొందరపడకండి, ఈ మాట పిల్లల నోటి నుంచే రావాలి.

3. 14 ప్రతిక్షేపించమనండి: 12 × 11 = 132. తప్పు వాళ్లకే కనిపిస్తుంది.

4. ఇప్పుడు విస్తరించి, 12ను ఎడమవైపుకు తెప్పించండి:
య² − 5య − 6 = 0
(య − 6)(య + 1) = 0
మూలాలు 6, −1. సరిచూస్తే 4 × 3, (−3) × (−4). బోర్డు మీద ఉన్న జతలే!

య² = 5య ఇచ్చినప్పుడు కూడా చూడండి. రెండువైపులా యతో భాగించి 5 ఒక్కటే రాస్తారు. య సున్నా కావచ్చు, సున్నాతో భాగించకూడదు, అందుకే 0 అనే మూలం పోతుంది. య(య − 5) = 0 అనే రాయించండి.

వర్గ సమీకరణ మూలాల సూత్రం మాత్రం ఇదంతా కుదిరాకే ఇవ్వండి.