గుర్రం కాలు విరిగితే ఎవరిని అడగాలి?

పనిచేసే చోట చిక్కుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిలో ఒకే మాట కనిపించింది: "మావాళ్ల మనస్తత్వమే అంత." మనస్తత్వాల సంగతి నాకు పెద్దగా తెలియదు. 500 మంది, అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని అప్పట్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. దాని పుణ్యమా అని 1983లో గుంటూరు జిల్లాలోని ఒక నూలు మిల్లులో నాకు ఉద్యోగం దొరికింది. తర్వాత ఒక మందుల కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూశాను. రెండు చోట్లా కలిపి 30 ఏళ్లలో నాకు అబ్బిన అలవాటు ఒక్కటే. "ఫలానా మనిషి మంచివాడు కాదు" అని ఎవరైనా అంటే, అతనికి పని ఎవరు చెబుతారు, కూలి ఎలా లెక్క కడతారు, అతను నిలబడే చోటు ఎక్కడ అని అడుగుతాను. ఇప్పుడూ అదే వరస.

ప్రశ్న: తెనాలిలో ఒక బట్టల దుకాణంలో మేనేజరును. అమ్ముడుపోని చీరలు వెనక్కి పంపమని యజమాని చెబుతారు. తగ్గింపు ధరకు అమ్మేయమని ఆయన కొడుకు చెబుతారు. ఎవరి మాట విన్నా రెండోవారి దగ్గర తిట్లు తప్పవు. పోయిన నెల ఒక పెళ్లివారు పెద్ద బిల్లు చేసి కొంత తగ్గించమన్నారు. ఇద్దరిలో ఎవరూ ఫోను ఎత్తలేదు. పెళ్లివారు లేచి వెళ్లిపోయారు. తప్పంతా నాదే అన్నారు.

జవాబు: మీకు ఒక గుర్రం కథ చెబుతాను. ఫ్రాన్సులో కొమాంత్రీ బొగ్గు గనుల్లో 1860లో హెన్రీ ఫెయోల్ అనే 19 ఏళ్ల ఇంజనీరు చేరాడు. ఆ మరుసటి ఏడాది గనిలో బండి లాగే గుర్రానికి కాలు విరిగింది. ఇంకో గుర్రం ఇమ్మని గుర్రపుశాలలో అడిగితే, డైరెక్టరుగారి ఉత్తర్వు కావాలన్నారు. ఆ రోజు డైరెక్టరు ఊళ్లో లేడు. గనిలో పని ఆగిపోయింది. అధికారం ఉన్న మనిషి లేనప్పుడు ఆ అధికారం తరఫున మాట్లాడేవాళ్లు ఒకరుండాలని ఫెయోల్ అప్పుడే రాసిపెట్టుకున్నాడు. తర్వాత అదే కంపెనీకి పెద్ద అయ్యాడు. 1916లో తన అనుభవాన్ని 14 సూత్రాలుగా ప్రకటించాడు. ఒక పనికి ఒకరే ఆజ్ఞ ఇవ్వాలన్నది వాటిలో ఒకటి.

మీ దుకాణంలో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. ఇద్దరు యజమానులు ఉండటం ఒకటి, ఇద్దరూ లేనప్పుడు ఎవరూ లేకపోవడం రెండోది. రెండోదానికి మందు తేలిక కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. బిల్లులో నూటికి ఎంతవరకు మీరే తగ్గించవచ్చో ఒక అంకె అడిగి, కాగితం మీద రాయించుకోండి. శ్రావణమాసం సందడి మొదలుకాకముందే అడగండి. సందడిలో అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు.

మొదటిదానికి తండ్రీకొడుకుల మధ్య పంచాయతీ పెట్టవద్దు. అలా పెట్టిన మేనేజర్లను నేను చూశాను. వాళ్లు ఇప్పుడు వేరే ఊళ్లలో ఉన్నారు. "ఉదయం పెద్దాయన ఇలా చెప్పారండీ. మీరిద్దరూ ఒక మాట అనుకుని చెబితే అలాగే చేస్తాను. అంతవరకు ఆ చీరలు కదపను" అనండి. రెండు మూడుసార్లు చీరలు బీరువాలోనే ఉండిపోతే వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు.

ప్రశ్న: ఉద్యోగుల పుట్టినరోజులకు కేకు కోయిస్తే కలిసికట్టుగా పనిచేస్తారా? (ఒక చిన్న ఆసుపత్రి యజమాని, ఏలూరు)

జవాబు: కేకు తింటారు. జీతం ఏ తేదీన ఇస్తున్నారో మీరు రాయలేదు.

ప్రశ్న: పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరును. పొట్టు తీసే విభాగంలో 16 మంది ఆడవాళ్లున్నారు. కిలోకు ఇంత అని కూలి. ఎంత తీస్తే అంత డబ్బు. అయినా సాయంత్రానికి అందరూ దాదాపు ఒకే తూకం దగ్గర ఆగిపోతారు. ఈ మధ్య చేరిన ఒక అమ్మాయి చెయ్యి చాలా చురుకు. మొదటి వారం అందరికంటే ఎక్కువ తీసింది. రెండో వారానికి ఆమె తూకమూ మిగతావాళ్లతో సమానమైంది. ఆమెను ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినడం లేదని తెలిసింది. వీళ్లకు డబ్బు చేదా?

జవాబు: ఎవరికీ చేదు కాదు. మీ ఉత్తరంలో నేను మొదట వెతికిన విషయం మీరు రాయలేదు. ఎక్కువ తీసిన రోజుల తర్వాత కిలో రేటు ఎప్పుడైనా తగ్గించారా? మీరు చేరకముందు సంగతి కూడా అడిగి తెలుసుకోండి. ఫ్యాక్టరీ మరిచిపోయి ఉండవచ్చు. ఆ 16 మందిలో ఒక్కరికైనా తప్పకుండా గుర్తుంటుంది.

మా మిల్లులో రీలింగ్ విభాగం ఉండేది. చేనేతవారికి పంపే నూలును ఆడవాళ్లు అక్కడ చిలపలుగా చుట్టేవారు. చుట్టినదాన్ని బట్టి కూలి. కొందరు బాగా చుట్టి, ఒక నెల ఆఫీసు గుమాస్తా కంటే ఎక్కువ సంపాదించారు. పైవాళ్లకు అది కంటకమై రేటు కోశారు. నెల తిరిగేసరికి విభాగం మొత్తం ఒకే అంకె దగ్గర ఆగింది. నాకప్పటికి ఉద్యోగంలో మూడేళ్ల అనుభవం, ముప్పై ఏళ్ల ధీమా. వెళ్లి కష్టపడితే వచ్చే లాభం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఒక పెద్దావిడ చేతిలో పని ఆపకుండానే, "అమ్మా, ఈరోజు మేము పరిగెత్తితే రేపటినుంచి దాన్నే నడక అంటారు" అంది. ఆ తర్వాత నేను అక్కడ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇదే సంగతిని అమెరికాలో షికాగో పక్కన ఉన్న హాథార్న్ ఫ్యాక్టరీలో చాలా ఓపికగా రాసిపెట్టారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల సామగ్రి తయారయ్యే చోటు అది. అక్కడి ప్రయోగాలనగానే అందరూ దీపాల కథ చెబుతారు. వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందన్న కథ. తర్వాతివాళ్లు ఆ లెక్కలు తిరగేస్తే కథలో ఉన్నంత బలం కనిపించలేదు. నాకు నచ్చేది చివరి ప్రయోగం. 1931 నవంబరు నుంచి 1932 మే వరకు, 14 మంది మగవాళ్లు తీగలు కలిపే గదిలో ఒక పరిశీలకుడు మూల కూర్చుని జరిగింది జరిగినట్టు రాశాడు. అందరి ఉత్పత్తినీ బట్టి కూలి పెరిగే పద్ధతి అది. అయినా రోజుకు ఎంత పని న్యాయమో వాళ్లే తేల్చుకున్నారు. మించి చేసినవాడు రేటు చెడగొట్టేవాడు. మరీ తక్కువ చేసినవాడు సోమరి. పైవాళ్లకు సంగతులు మోసినవాడు చాడీకోరు. హద్దు దాటితే భుజం కింద ఒక గుద్దు. మీవాళ్లు గుద్దలేదు, అన్నం దగ్గర పక్కన చోటివ్వలేదు.

అదే గదిలో, వెనకబడినవాడికి పక్కవాడు చెయ్యి అందించడమూ కనిపించింది. ఆ పని నిబంధనలకు విరుద్ధం. మీ విభాగంలోనూ చూడండి. జ్వరంతో వచ్చిన మనిషి తూకం సాయంత్రానికి ఎలా నిండుతుందో గమనిస్తే, మీరు కుట్ర అనుకుంటున్న కట్టుబాటుకు ఇంకో ముఖం కనిపిస్తుంది. అందుకే దాన్ని విరగ్గొట్టమని నేను చెప్పను.

ఆ అమ్మాయిని అందరిముందూ మెచ్చుకోకండి. మీ మెప్పుకు ఖరీదు ఆమె చెల్లిస్తుంది. ఎవరు ఏమన్నారని కూపీ లాగవద్దు. తూకం ఎంత పెరిగినా ఏడాదిపాటు రేటు తగ్గించబోమని యజమాని చేత రాయించి, గోడకు అంటించండి. గుండ్లు విరగకుండా తీసినవాళ్లకు వేరే లెక్క ఉందో లేదో కూడా చూడండి. వేగంగా తీసి బద్దలు చేస్తే ఎవరికి నష్టమో ఆ ఆడవాళ్లకు మీకంటే బాగా తెలుసు. యజమాని రాసివ్వనంటే మాత్రం వాళ్లు ఆగుతున్న తూకం దగ్గరే మీరూ ఆగండి. వాళ్ల లెక్క సరైనదే.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కోడ్ బాగా రాస్తానని పేరు వచ్చి టీమ్ లీడర్‌ను చేశారు. నా కింద 11 మంది. కోడ్ ముట్టుకుని నాలుగు నెలలైంది. రోజంతా తగవులు తీర్చడమే. నేను నాయకురాలిగా పనికిరానా?

జవాబు: బాగా చేసే పని లాక్కుని, రాని పని చేతిలో పెట్టడాన్ని మనవాళ్లు పదోన్నతి అంటారు. దీని మీద లారెన్స్ పీటర్ 1969లో ఒక సూత్రమే చెప్పాడు: ప్రతివారూ తమకు చేతకాని మెట్టు వచ్చేదాకా పైకెక్కుతూనే ఉంటారు. వెటకారంగా చెప్పాడు కానీ, నేను చూసిన మిల్లు మేస్త్రీల్లో సగం మందికి అది అతుకుతుంది.

మీ విషయంలో ఇంకొక లెక్క ఉంది. ఒక అధికారి కింద మనుషులు పెరిగితే, వాళ్లతోనూ వాళ్లలో వాళ్లకూ ఏర్పడే సంబంధాలు ఎలా పెరుగుతాయో గ్రేకూనాస్ అనే సలహాదారు 1933లో గుణించాడు. ఐదుగురైతే 100. పదిమందైతే 5,210. మీ 11 మందికి 11,374. ఇవన్నీ రోజూ నిద్రలేస్తాయని కాదు. ఒక్క మనిషి చేరితే తలనొప్పి ఒక్కటే చేరదని ఆ అంకెల అర్థం. పనికిరానితనం గురించి తర్వాత ఆలోచిద్దాం. ముందు ఆ 11 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు రోజువారీ వ్యవహారం ఇంకొకరికి అప్పగించమని అడగండి. వారంలో రెండు పూటలు కోడ్ కోసం అట్టిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత కూడా ఇలాగే ఉంటే పాత పని తిరిగి అడగడంలో చిన్నతనం లేదు. మీ అత్తగారికి చెప్పడమే కాస్త కష్టం.

ప్రశ్న: విజయవాడలో మాకు ప్రింటింగ్ ప్రెస్ ఉంది. అప్పు చేసి కొత్త యంత్రం కొన్నాను. (మోడల్, ధర, సామర్థ్యం అన్నీ ఈయన రెండు పేజీలు రాశారు.) పని వేగం పెరగలేదు. యంత్రం ఆగితే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూస్తారు. కాగితం అయిపోతే "అది నా పని కాదు", ఇంకు అయిపోతే "అది నా పని కాదు".

జవాబు: అహ్మదాబాద్‌లో కాలికో మిల్లుకూ ఇదే వచ్చింది. ఆటోమేటిక్ మగ్గాలు తెప్పించారు. ఉత్పత్తి అనుకున్నంత పెరగలేదు. మనుషులు కలిసి పనిచేసే తీరును పరిశీలించే టావిస్టాక్ సంస్థ లండన్‌లో ఉంది. అక్కడి నుంచి 1953లో ఏ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చి చూశాడు. 224 మగ్గాల షెడ్డులో 29 మంది, వాళ్లకు 12 రకాల పనులు. నేసేవారు, బ్యాటరీ (మగ్గానికి నూలు బాబిన్లు అందించే అర) నింపేవారు, తెగిన పోగులు చూసేవారు, నూనె వేసేవారు, బాబిన్లు మోసేవారు, ఊడ్చేవారు. ఒక్కో పని మీద విడిగా కొలతలు తీసి మనుషుల్ని పంచారు. దాంతో ఒకరు ఇన్ని మగ్గాలకు, ఇంకొకరు అన్ని మగ్గాలకు. ఏ మగ్గానికీ తనవాళ్లంటూ లేరు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న జట్టు బాధ్యత వహిస్తే ఎలా ఉంటుందని రైస్ అడగ్గానే, జట్లను కార్మికులే కట్టుకున్నారు. మొదట కొంత తడబడ్డా, తర్వాత ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే బట్ట తగ్గింది. మనుషులు వాళ్లే, మగ్గాలూ అవే.

మీ ముగ్గురిలో ప్లేట్లు బిగించేవాడికి కాగితం ఎక్కించడం వచ్చా? హెల్పర్‌ను యంత్రం మీటలు ముట్టుకోనిస్తారా? శుభలేఖలు ఆలస్యమైతే తిట్టేది ఒక్క ఆపరేటర్‌నేనా? మూడింటికీ జవాబు నేను ఊహించగలను. వారం రోజులు ముగ్గురి పనులూ ముగ్గురికీ నేర్పించండి. తర్వాత ఒక ఆర్డరు మొత్తం, కాగితం దింపడం నుంచి కట్ట కట్టడం వరకు, ముగ్గురికీ కలిపి అప్పగించి మీరు కౌంటర్ దగ్గర కూర్చోండి. అదనపు పనికి ఇచ్చే డబ్బు కూడా ముగ్గురికీ కలిపే ఇవ్వండి, ఎలా పంచుకోవాలో వాళ్లకే వదలండి. హెల్పర్‌కు అన్యాయం జరుగుతున్నట్టు కనిపిస్తే అప్పుడు మాత్రం మధ్యలోకి రండి.

నెల తర్వాత మళ్లీ రాయండి. ఈసారి యంత్రం సామర్థ్యం రాయనక్కరలేదు. ఆ ముగ్గురూ ఏమన్నారో రాయండి.