అడుగేస్తే దిగే డెక్కు

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ కలిసి ఈమధ్య ఒక పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొన్నాం. పొడవు 26 అడుగులు, వయసు నలభై ఏళ్ల పైమాటే. అమ్మినాయన కొత్తగా రంగు వేయించి ఇచ్చాడు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొదటి వానకే లోపలి పరుపు తడిసింది. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) పక్కన డెక్కు మీద నిలబడితే కాలి కింద మెత్తగా దిగుతోంది. లోపల ఒక బోల్టు చివర నుంచి గోధుమరంగు నీళ్లు ఊరుతున్నాయి. పైనుంచి చిన్న చిన్న రంధ్రాలు చేసి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్ జిగురు) ఎక్కిస్తే గట్టిపడిపోతుందని మా తమ్ముడు అంటాడు. అది చాలుతుందా, లేక పడవ మీద ఆశ వదులుకోవాల్సిందేనా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు: ఆశ వదులుకోనక్కర్లేదు. కానీ మీ తమ్ముణ్ని ఆ సిరంజి పక్కన పెట్టమనండి. ఆ పని నేను చేసి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా మొదటి పడవకూ ఇదే జబ్బు. మాస్ట్ ముందు రెండు మూరల మేర డెక్కు మెత్తబడితే, 60 దాకా రంధ్రాలు చేసి ఓపిగ్గా ఎపాక్సీ ఎక్కించాను. మర్నాటికి రాయిలా అయింది. రెండేళ్లు తిరక్కుండానే అదే చోట మళ్లీ దిగడం మొదలైంది. చివరికి పైపొర కోసి చూస్తే, ఒక్కో రంధ్రం కింద గోలీకాయంత ఎపాక్సీ ముద్ద, ముద్దకూ ముద్దకూ మధ్య నల్లటి బురద, మురిగిన ఆకుల వాసన. చెక్క నిండా అప్పటికే నీళ్లున్నాయి, రెసిన్‌కు లోపలికి పోయే చోటే లేదు. పైగా తడిని లోపలే పెట్టి బిరడా కొట్టినట్టయింది.

మీ డెక్కు ఒకే పలక కాదు. పైన కొన్ని మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ పొర, కింద అలాంటిదే ఇంకో పొర, రెంటి మధ్య తేలికైన బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. దాన్ని కోర్ అంటారు. ఆ రెండు పొరలనూ ఎడంగా పట్టి ఉంచడమే కోర్ పని. ఏ పలకైనా మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, అందుకే బరువు పెంచకుండా మందం పెంచడానికి ఈ ఏర్పాటు. కోర్ కుళ్లితే పొరలు దేనికదే అయిపోతాయి, మీ కాలికి తెలుస్తున్న మెత్తదనం అదే. కొత్త రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం లోన లొటారం అంటారే, అదీ సంగతి.

ముందు ఈ తడి ఎంతదూరం పాకిందో తేల్చుకోండి. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి తీసుకుని డెక్కంతా అంగుళం అంగుళం తట్టండి. బాగున్నచోట టక్ టక్ అని మోగుతుంది, పొర ఊడినచోట దబ్ దబ్ అంటుంది. సుద్దముక్కతో హద్దు గీయండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు పైన తడుతుంటే ఇంకొకరు లోపల చెయ్యి ఆనించి చూడొచ్చు. తేమ మీటర్ దొరికితే వాడండి కానీ దాని అంకెనే నమ్ముకోవద్దు. లోపలివైపు ఇనుప సామానున్నా, రాగి కలిసిన రంగు వేసి ఉన్నా తప్పు చూపిస్తుంది.

అసలు సాక్ష్యం డ్రిల్లు చెబుతుంది. పడవ లోపల నుంచి, పైపొర తగలకుండా డ్రిల్లు ముల్లుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుని, కింది పొరకూ కోర్‌కూ మాత్రమే రంధ్రం చేయండి. వచ్చే పొట్టును అరచేతిలోకి తీసుకోండి. మీగడ రంగులో పొడిగా రాలితే ఆరోగ్యం. కాఫీ ముద్దలా ముల్లుకు అంటుకుని, వేళ్ల మధ్య నొక్కితే తడి తేలితే అక్కడ పోయినట్టే. పొడిపొట్టు వచ్చేదాకా బయటికి జరుగుతూ పోండి. బాల్సా ముక్కల్ని నార నిలువుగా ఉండేలా పేరుస్తారు కాబట్టి నీళ్లు పక్కలకు నెమ్మదిగా పాకుతాయి. ప్లైవుడ్ అయితే నార వెంబడి చాలా దూరం పీల్చేసుకుంటుంది, మీరు గీసిన హద్దు పెరుగుతుందని ముందే మనసు సిద్ధం చేసుకోండి.

నీళ్లు ఎక్కడ కారుతున్నాయో అక్కడే దిగాయనుకోకండి. నీరు పల్లమెరుగు. డెక్కు అంచున తీగ కంచెను నిలబెట్టే స్టాంచియన్ కడ్డీలను అందరూ చేత్తో పట్టుకుని ఊగుతారు, ఆ ఊపుకు వాటి అడుగున నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్ ముందుగా పగులుతుంది. ఆ బోల్టు రంధ్రంలో దిగిన చుక్క కోర్‌లో ప్రయాణం చేసి మీ పరుపు మీద పడుతుంది. అందుకని అనుమానం ఉన్నదొక్కటే కాదు, డెక్కు మీది ప్రతి బిగింపూ విప్పాల్సిందే. విసుగు పుట్టించే పని, కానీ దీన్ని దాటవేసి చేసిన రిపేరు నిలవదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు నా మాట కచ్చితంగా వినాలి. మాస్ట్‌ను పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు పడవ ఒంటికి తగిలేది చెయిన్‌ప్లేట్ అనే స్టీలు పట్టీల దగ్గర. చాలా పాత పడవల్లో అవి డెక్కు గుండా దిగి లోపలి ప్లైవుడ్ అడ్డగోడకు బిగించి ఉంటాయి. ఆ గోడ మీద దబ్బనం గుచ్చి చూడండి, సులువుగా దిగితే పడవను నీటి మీదికి తీసుకెళ్లొద్దు. పట్టీని కూడా బయటికి లాగి చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని ధీమాగా ఉంటాం. గాలి తగలని తడి ఇరుకులో దానికీ సన్నటి పగుళ్లు వస్తాయి, డెక్కు మందంలో దాగిన భాగంలోనే వస్తాయి. వెంట్రుకంత గీత కనిపించినా కొత్తది వేయించండి. మాస్ట్ కూలితే దాని కింద మనుషులుంటారు.

ఇక కోత. మాస్ట్ కింద కుళ్లు ఉంటే ముందు మాస్ట్ దించండి. లోపల నుంచి డెక్కుకు కర్రలు ఆనించి ఊతం పెట్టండి, లేకపోతే కోసిన తర్వాత దాని ఒంపు పోతుంది. రంపం లోతు పైపొర వరకే ఉండేలా బిగించి కోసి, ఆ పొరను జాగ్రత్తగా లేపి దాచుకోండి, మళ్లీ అదే వేస్తారు. కుళ్లిన కోర్‌ను ఉలితో గీకి పొడి చెక్క తగిలేదాకా తీసేయండి. ఆరిందో లేదో తెలియడానికి ఒక ప్లాస్టిక్ షీటు పరిచి అంచులకు టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున షీటు అడుగున ఆవిరి కడితే ఇంకా ఆరలేదు. నా రెండో పడవకు ఇలా మూడు వారాలు పట్టింది.

అదే మందం కొత్త బాల్సాగానీ నీళ్లు పీల్చని ఫోమ్‌గానీ కోసి, ముందు పొడిగా అమర్చి చూసుకోండి. ఆ తర్వాత పల్చటి ఎపాక్సీ పూసి, పైన సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ పరిచి, కోర్‌ను కూర్చోబెట్టి ఇసుక సంచులు పెట్టండి. పాత పైపొరను కూడా అలాగే అతికించాలి. గాలి పోవడానికి దానికి అక్కడక్కడా రంధ్రాలు వదలండి, వాటిలోంచి ఎపాక్సీ పైకి ఉబికితే కింద ఖాళీ లేదని నమ్మకం. కోత గీతకు రెండు వైపులా పొరను 12కు 1 వాలులో అరగదీయాలి. అంటే 3 మిల్లీమీటర్ల పొరకు 36 మిల్లీమీటర్ల వాలు. దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డను ఎపాక్సీతో తడిపి పొరలు పొరలుగా వేయండి. పాలిస్టర్ రెసిన్ చవకని దాని జోలికి వెళ్లకండి, ఎప్పుడో గట్టిపడిన పాత పొరకు ఎపాక్సీ పట్టినంతగా అది పట్టదు. ఎపాక్సీని పెద్ద డబ్బాలో కలిపి అలాగే ఉంచితే వేడెక్కి పొగలు కక్కుతుంది, వెంటనే పల్చటి ట్రేలో పోసేయండి. గట్టిపడ్డాక పైన జిడ్డుగా తేలితే నీళ్లతో రుద్ది కడిగాకే శాండ్‌పేపర్ పట్టండి.

ఇప్పుడు బోల్టు రంధ్రాలు. పొడిగా ఉన్నచోట కూడా ప్రతి రంధ్రాన్నీ పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ బోల్టుకు సరిపడా కొత్త రంధ్రం చేయండి. రేపు సీలెంట్ పాడైనా నీళ్లు ఎపాక్సీ గొట్టంలోంచి కిందికి కారతాయి తప్ప కోర్‌ను తాకవు. మీ పడవ కట్టిననాడే ఎవరైనా ఇంత పని చేసి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే అవసరం వచ్చేది కాదు.

గ్లవ్స్, మాస్క్ లేకుండా ఏ రోజూ పని మొదలుపెట్టకండి. ఎపాక్సీ చేతికి అంటించుకుంటూ ఏళ్లు గడిపాను, ఒక రోజు నుంచి ఒళ్లంతా దద్దుర్లు. ఆ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే మళ్లీ వదలదు.

ప్రశ్న: పడవను ఒడ్డుకు తీసి నెల దాటింది. చుక్కాని అడుగు నుంచి ఇప్పటికీ నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. కంగారు పడాలా?

జవాబు: చుక్కాని లోపల ఫోమ్, దాని మధ్య ఇరుసుకు వెల్డింగ్ చేసిన స్టీలు పట్టీలు ఉంటాయి. ఇరుసు దూరే చోట నుంచి నీళ్లు దిగడం మామూలే. అడుగున చిన్న రంధ్రం చేసి పూర్తిగా కారనివ్వండి. నీళ్లు తేటగా వచ్చి ఆగిపోతే, ఆరాక రంధ్రం మూసి పైన ఇరుసు చుట్టూ సీలెంట్ వేయండి. తుప్పు రంగు నీళ్లు వచ్చినా, ఇరుసును కదలకుండా పట్టి చుక్కానిని ఊపితే కాస్తయినా అదిరినా, ఒక పక్క పొర విప్పి వెల్డింగ్ చూడందే ఆ పడవను నీటిలో దించకండి.