40 కోర్లు కొని నేను పడ్డ పాట్లు: డేటాబేస్ సర్వర్‌కు ఒక సాకెట్ చాలు

70 మంది వాడే బిల్లింగు, స్టాకు లెక్కలు, 180 జీబీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అన్నారు. రెండు సాకెట్ల (ప్రాసెసర్ కూర్చునే చోట్లు) బోర్డు మీద 32 కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ప్రాసెసర్లు రెండు పెట్టాలా, ఒకే సాకెట్‌లో వేగమైన 16 కోర్లు సరిపోతాయా అని మీ ప్రశ్న. ఒకే సాకెట్ తీసుకోండి, మిగిలిన డబ్బు ర్యామ్‌కు పెట్టండి. మీరు వేయబోతున్న తప్పటడుగు నేను ఇదివరకే వేసి ఉన్నాను.

విజయవాడలో ఒక మందుల టోకు వ్యాపారికి సర్వర్లు చూసేవాణ్ని. పాత యంత్రంలో నాలుగే కోర్లు, 3.8 గిగాహెర్ట్జ్. దాని స్థానంలో 20 కోర్ల ప్రాసెసర్లు రెండున్న యంత్రం కొన్నాం, క్లాక్ వేగం 2 గిగాహెర్ట్జ్. నాలుగెక్కడ, నలభై ఎక్కడ అని యజమానిని ఒప్పించింది నేనే. తొలి నెలాఖరున స్టాకు విలువ కట్టే ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే నడిచే ప్రోగ్రాము) నడిపితే, పాతదాని మీద 25 నిమిషాల్లో ముగిసే పని 40 దాటింది. ఏ కోరు ఎంత పనిచేస్తోందో చూపే టాప్ కమాండు తెరిచి చూస్తే ఒక్క కోరు నూరు శాతం దగ్గర ఆయాసపడుతోంది, తక్కిన ముప్పై తొమ్మిదీ గోళ్లు గిల్లుకుంటున్నాయి.

కారణం తెలిశాక సిగ్గేసింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్, అది ఒకసారికి ఒక్క కోరు మీదే నడుస్తుంది. 9.6 వెర్షన్ నుంచి ఒకే క్వెరీని కొన్ని కోర్లకు పంచే సౌకర్యం వచ్చిన మాట నిజమే, కానీ వరుసలను ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేస్తూ లూపులో తిరిగే ప్రొసీజర్‌కు అది అక్కరకు రాదు. అక్కడ ఒక కోరు ఎంత వేగంగా పరుగెత్తుతుందన్నదే లెక్క. క్లాక్ వేగాన్ని తాత్కాలికంగా పెంచే టర్బో ఉందిగా అంటారేమో, పక్క కోర్లకు పని పెరిగేకొద్దీ టర్బో కిందికి దిగుతుంది.

అంతటితో అయిపోలేదు. న్యూమాసీటీఎల్ అనే కమాండుతో రెండు ప్రాసెసర్ల మధ్య మెమరీ ఎలా పంచుకుందో చూస్తే రెండో నోడ్ (రెండో ప్రాసెసర్ వాటా) సైజు సున్నా ఎంబీ అని చూపించింది. యంత్రం ఆపి మూత తీశాను. అమర్చిన కుర్రాడు నాలుగు ర్యామ్ స్టిక్కులనూ మొదటి ప్రాసెసర్ పక్కనే పొందిగ్గా గుచ్చి వెళ్లాడు. రెండో ప్రాసెసర్ చుట్టూ స్లాట్లన్నీ ఖాళీ, వాటిలో ప్లాస్టిక్ డమ్మీలు కూడా తీయలేదు. అంటే రెండో ప్రాసెసర్ మీద నడిచే ప్రతి ప్రాసెసూ మెమరీ కోసం మధ్య లింకు దాటి అవతలికి వెళ్లి రావాలి. ఇంట్లో కుళాయి లేక ప్రతి బిందెకూ పక్కింటికి నడిచినట్టు. ఆ ప్రాసెసర్లకు ఒక్కోదానికి ఆరు మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కు వెళ్లే దారులు), ఇంకో ఎనిమిది స్టిక్కులు కొని పన్నెండూ నింపాక 30 నిమిషాలకు దిగింది. అప్పటికీ పాతదానికంటే వెనకే!

కాబట్టి మీ పనికి కోర్ల కంటే ముందు క్లాక్ వేగం, క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ), మెమరీ ఛానెళ్లు చూడండి. ఏఎండీ ఎపిక్ 73ఎఫ్3 లాంటిది సరిగ్గా సరిపోతుంది: 16 కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్ బేస్, 256 ఎంబీ ఎల్3 క్యాష్. అయితే ఆ 256 ఒకే ముద్దగా ఉండదు, రెండేసి కోర్లకు 32 ఎంబీ చొప్పున విడివిడిగా ఉంటుంది. ఛానెళ్లు ఎనిమిది, డిస్కులు, కార్డులు తగిలించే పీసీఐఈ 4.0 లేన్లు 128. ఎనిమిది ఛానెళ్లలో 32 జీబీ చొప్పున నింపితే 256 జీబీ, మీ డేటాబేస్ మొత్తం మెమరీలోనే కూర్చుంటుంది. వందల కొద్దీ క్వెరీలు ఒకేసారి నడుస్తూ ఒక సాకెట్ ఊపిరాడకపోతే అప్పుడు రెండో సాకెట్ గురించి ఆలోచించవచ్చు. రేపు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మారే ఆలోచన ఉన్నా ఇదే మేలు, అక్కడ కోర్ల లెక్కన లైసెన్సు తీసుకుంటే కోరుకు ఇంతని కట్టాలి.

బోర్డు దగ్గర జనం ఎక్కువగా ఏమరిచేది డిస్కుల సంగతి. కరెంటు పోయినా రాతను కాపాడే కెపాసిటర్లున్న, బోర్డు మీదే గుచ్చే ఎం.2 ఎస్ఎస్‌డీలు చాలావరకు 110 మిల్లీమీటర్ల పొడవుంటాయి. 80 వరకే బిగించే చోటున్న బోర్డు కొంటే అవి పట్టవు. కేబుల్‌తో కలిపే యూ.2 డిస్కులకు దారి ఉన్న బోర్డైతే ఈ బాధే లేదు. దూరం నుంచి ఆన్ చేసుకునే ఐపీఎంఐ పోర్టు తప్పనిసరి, అర్ధరాత్రి స్కూటర్ తీయాల్సిన పని తప్పుతుంది. డెస్క్‌టాప్ బోర్డుతో సరిపెడదామంటే రెండే ఛానెళ్లు, పైగా ఈసీసీ (మెమరీలో తప్పులు పట్టి సరిదిద్దే ఏర్పాటు) పనిచేయడం బోర్డును బట్టి ఉంటుంది. డీడీఆర్5 చిప్పులోపల ఉండే ఈసీసీని చూసి అదే ఇదనుకోకండి.

సెకండ్ హ్యాండ్ ఎపిక్ కొనేటట్టయితే ఒక్కటి అడగండి: అది ఇంతకుముందు ఏ కంపెనీ సర్వర్‌లో ఉంది? కొన్ని కంపెనీల బోర్డులు ప్రాసెసర్‌ను తమకే శాశ్వతంగా కట్టేసుకుంటాయి, వేరే కంపెనీ బోర్డులో పెడితే బూట్ కాదు.

కొటేషన్‌లో ర్యామ్ 256 జీబీ అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. 32 జీబీవి ఎనిమిది అని రాయించుకోండి. బిగించిన రోజు మూత తీయించి మీరే లెక్కపెట్టండి.