మూడు నెలల్లో పదకొండు పేజీలేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఆనర్స్ మ్యాథ్స్ నాలుగో ఏడాది. ఈ సెమిస్టరంతా రీసెర్చ్ ప్రాజెక్టే. మూడు నెలల్లో పదకొండు పేజీలు రాసింది. అడిగితే 'ఇంకా ఏమీ తేలలేదు నాన్నా' అంటోంది. గైడ్‌కు ఫోన్ చేస్తే 'చూద్దాం' అన్నారు. తోటివాళ్లు డేటా సైన్స్ కోర్సుల్లో చేరుతున్నారు. నేనూ ఒకచోట అడ్వాన్సు కట్టాను. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: పోలికకు తర్వాత వస్తాను. నాలుగేళ్లు చదివించాక పిల్ల ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటుందేమోనని మీ దిగులు. ఆ మాట మీరు రాయలేదు, నాకు వినిపించింది. ఆ దిగులుకూ ఈ పదకొండు పేజీలకూ సంబంధం లేదు.

గణితం ప్రాజెక్టు గోడ కట్టినట్టు రోజుకింత లేవదు. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయిది నాణేల లెక్క. మన దగ్గర 5, 7 రూపాయల నాణేలు మాత్రమే ఉన్నాయనుకోండి. చిల్లర వెనక్కి తీసుకోకుండా 24 నుంచి ఎంత మొత్తమైనా కట్టవచ్చు, 23 మాత్రం కట్టలేం. ఒకటి తప్ప మరే ఉమ్మడి భాజకం లేని రెండు రకాల నాణేలకైతే ఈ ఆఖరి మొండి మొత్తానికి చిన్న సూత్రం ఉంది: రెండింటి లబ్ధంలోంచి ఆ రెండింటినీ తీసేయడమే. మూడో రకం చేరితే అంత సులువైన సూత్రం దొరకదు. అందుకని అతను పక్కపక్క సంఖ్యలు పట్టుకున్నాడు. 3, 4, 5కు జవాబు 2. 4, 5, 6కు 7. ఆపైన 9, 17, 20, 31. వావీ వరసా లేని అంకెలు. ఆరు వారాలు నోటుబుక్కు నిండా ఇవే.

ఒకరోజు బస్సులో విసుగు పుట్టి, ఒకటి విడిచి ఒకటి రాశాడు. ఒకవైపు 2, 9, 20. ఇంకోవైపు 7, 17, 31. మొదటి వరస 7, 11 చొప్పున పెరిగింది. రెండోది 10, 14 చొప్పున. రెండుచోట్లా పెరుగుదల నాలుగేసి ఎక్కువవుతోంది! గైడ్ దగ్గరికి పరుగెత్తాడు. తీరా చూస్తే 1942లోనే ఆల్ఫ్రెడ్ బ్రవర్ దాన్ని నిరూపించేశారు. అబ్బాయి ఏడ్చినంత పని చేశాడు. గైడ్ మాత్రం కాఫీ ఇప్పించి, 'పుస్తకం మూసేసి నీ నిరూపణ నువ్వు రాయి' అన్నారు. ఆ నిరూపణే అతని ప్రాజెక్టు. డిగ్రీ స్థాయిలో కొత్త సిద్ధాంతం ఎవరూ అడగరు. మీ అమ్మాయి 'ఏమీ తేలలేదు' అంటున్నది బహుశా అలాంటి ఆరు వారాల గురించే.

ఇక మీ సంగతి. గైడ్‌కు ఫోన్ ఎందుకు చేశారు? ఇరవై దాటిన పిల్ల చదువు గురించి, ఇంటి పని ఎందాకా వచ్చిందని మేస్త్రీని అడిగినట్టు అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతారు? ఆ ఫోన్ సంగతి తెలిసి ఆ పిల్ల ఎంత చిన్నబుచ్చుకుని ఉంటుందో ఆలోచించారా? ఇకపై ఆ పని చేయకండి. పేజీలు లెక్కపెట్టడం కూడా మానేయండి.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు, ఆ కోర్సుల మీద ఉంది. నాకు చూపించే రెజ్యూమెల్లో ఎక్కువగా ఒకటే ప్రాజెక్టు: టైటానిక్ ఓడ మునిగినప్పుడు ఎవరు బతికారో ఊహించడం. ఆ ఓడ ఇప్పటికి ఎన్నిసార్లు మునిగిందో! తయారుగా ఉన్న కోడ్ నడిపినవాళ్లను 'ఈ మోడల్ ఇలా ఎందుకు చెప్పింది?' అని అడిగితే నోరు పెగలదు. ఆ 'ఎందుకు'కు కావలసిన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మీ అమ్మాయి ఇప్పటికే చదివింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఒక వేసవిలో వస్తుంది, దానికి లక్షలు పోయనక్కర్లేదు.

ప్రాజెక్టు ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని మాత్రం నేను చెప్పను. పైచదువుకు వెళితే గైడ్ రాసే సిఫారసు లేఖ పనికొస్తుంది. యూజీసీ చట్రం ప్రకారం ఈ రీసెర్చ్ దారి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్లకే. ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని గట్టు దగ్గర వదిలేస్తారా?

అమ్మాయికి ఒక మాట. కొత్త ఫలితం కోసం వెతకడం ఈ వారంతో ఆపమ్మా. నిర్వచనాలు, చేతితో చేసిన ఉదాహరణలు, పూర్తి నిరూపణతో ఒక్క సిద్ధాంతం చాలు. తప్పిపోయిన ఊహలను చింపేయకు, ఎక్కడ తప్పాయో ఒక అధ్యాయంగా రాయి. వైవాలో వాటి మీద కూడా ప్రశ్నలు రావచ్చు. రోజుకు రెండు పేజీలు లేటెక్స్‌లో (గణితం టైప్ చేసే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కిస్తే నెలలోపు రిపోర్టు గైడ్ బల్ల మీద ఉంటుంది.

పోలిక అడిగారు కదా, నేను ఒకవైపే మొగ్గాను. ఈ ఉత్తరానికి అంతకన్నా పోలిక అక్కర్లేదు. అడ్వాన్సు కట్టిన రసీదు ఒకసారి తీసి చూడండి. డబ్బు వాపసు గడువు వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉండొచ్చు.