అలారం బటన్ ఇచ్చారు సరే, ఒంటి మీద ఉందా?

ప్రశ్న: ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు సెన్సర్లు, మెడలో వేసుకునే అలారం బటన్లు ఇచ్చే ప్రభుత్వ పథకాల నివేదికలు చూస్తుంటాను. అన్నింట్లోనూ ‘ఆస్పత్రి చేరికలు తగ్గాయి’ అనే ఉంటుంది. నమ్మొచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఎవరితో పోల్చి తగ్గాయన్నారో ముందు చూడండి. ఈ పరికరాలు ఎక్కువగా వెళ్లేది ఈమధ్యే కిందపడ్డవాళ్లకు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లకు. పరికరం లేకపోయినా వాళ్లలో చాలామంది మరుసటి ఏడాదికి కొంత తేరుకుంటారు. ముందు ఏడాదితో పోల్చే లెక్క ఆ తేరుకోవడాన్ని కూడా పరికరం ఖాతాలో వేసేస్తుంది. అదే స్థితిలో ఉండి పరికరం అందనివాళ్ల లెక్క పక్కన లేదంటే, ఆ నివేదికను అక్కడే మూసేయొచ్చు.

బ్రిటన్‌లో 2008లో మొదలైన ‘హోల్ సిస్టమ్ డిమాన్‌స్ట్రేటర్’ అనే ప్రభుత్వ ప్రయోగం ఆ పోలిక సరిగ్గానే పెట్టుకుంది. మధుమేహం, గుండె వైఫల్యం, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న 3,230 మందిని వాళ్లు చూపించుకునే క్లినిక్‌ల వారీగా లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఇంటి నుంచే యంత్రంతో షుగర్, బరువు లాంటి రీడింగులు పంపినవాళ్లలో ఏడాదిలో 4.6 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 8.3 శాతం చనిపోయారు. తొలి ఫలితాలు చూసి, ఖర్చుల లెక్క తేలకముందే 30 లక్షల మందికి విస్తరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్క 2013లో వచ్చింది: పూర్తి ఆరోగ్యంతో అదనంగా దక్కే ఒక్కో ఏడాదికి సుమారు 92,000 పౌండ్లు. అప్పట్లో అక్కడ మామూలుగా ఒప్పుకునే హద్దు 20 నుంచి 30 వేలు!

అదే ప్రయోగంలో అలారాలు, సెన్సర్ల విభాగంలో 2,600 మంది వేరే. పరికరాలున్నవాళ్లలో 46.8 శాతం, లేనివాళ్లలో 49.2 శాతం ఆస్పత్రిలో చేరారు. అది కాకతాళీయంగానూ రాగల తేడా. రీడింగుల యంత్రం ఫలితం చూపించి అలారానికి నిధులడిగే నివేదికలను అందుకే పట్టిపట్టి చదవాలి.

తర్వాత, ‘ఎన్ని పంచారు’ అన్న అంకెను వదిలేయండి. ఎన్ని కనెక్ట్ అయ్యాయి, గత నెలలో ఎన్నిటి నుంచి టెస్ట్ సిగ్నల్ వచ్చింది, మనిషి పడ్డప్పుడు బటన్ ఒంటి మీదే ఉందా అని అడగండి. స్నానానికి వెళ్తూ దాన్ని తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తారు, జారిపడేదేమో లోపల తడి నేల మీద. నీళ్లలో తడిసినా పాడవదని ఇచ్చేటప్పుడు ఎవరైనా చెప్పారా అన్నదీ మూల్యాంకనంలో ఉండాలి.

బటన్ నొక్కాక మనిషి చేరడానికి పట్టిన సమయానికి సగటు ఒక్కటే ఇస్తే చాలదు. రాత్రిపూట, అన్నిటికంటే ఆలస్యమైన పదో వంతు కాల్స్ సంగతి అడగండి. పరుగెత్తేది కూతురో పక్కింటివాళ్లో అయితే, వాళ్ల గంటలు కూడా ఖర్చే.

ప్రశ్న: పాత ల్యాండ్‌లైన్లు తీసేస్తే ఈ అలారాలు పనిచేస్తాయా?

జవాబు: అన్నీ పనిచేయవు. రాగి తీగ లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఇంటర్నెట్ లైన్‌లో ఇంట్లో కరెంటు పోతే రౌటర్‌తో పాటు అలారమూ మూగబోతుంది. బ్రిటన్‌లో ఈ మార్పిడి గడువును 2025 చివరి నుంచి 2027 జనవరికి జరపడానికి అలారం వాడేవాళ్ల భద్రత ఒక ముఖ్య కారణం. బ్యాటరీ బ్యాకప్ ఎన్ని గంటలు, సిమ్ ఉన్న పరికరమా కాదా అన్నవి పథకం పత్రంలోనే రాసి ఉండాలి. లైన్ మార్చిన రోజే ఒకసారి బటన్ నొక్కి చూడండి, అవతల ఎవరైనా పలికేదాకా అక్కడే ఉండండి.