ఏరు పదును పెట్టదు బాబూ

విజయనగరం

బాబూ,

నీ కథ అందింది. ముసలాయన మాటలు బాగా కుదిరాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. "నాగావళి వేల ఏళ్ళు ఒరిసి ఒరిసి పదునెక్కించిన రాళ్ళ బండ" అట! ఏరు ఎక్కడైనా రాయికి పదును పెడుతుందా? శ్రీకాకుళంలో పుట్టి పెరిగినవాడివి, ఏటి ఇసకలో గులకరాయి ఎప్పుడూ కాలికి తగల్లేదా? ఏట్లో పడ్డ రాయికి ముందు అరిగేవి మూలలే. అలాంటి గుండ్రాళ్ళు అతుక్కుని బండైతే కాంగ్లోమరేట్ అంటారు. నువ్వు రాసింది చెయ్యి కోసుకునే అంచుల గురించి. అది బ్రెక్షియా. రెండు మిల్లీమీటర్లు దాటిన మొనదేలిన పెచ్చులు, వాటి సందుల్లో సన్న పొడి, అన్నిటినీ పట్టి ఉంచే ఖనిజం. అంచులు అరగలేదంటే ఆ పెచ్చులు విరిగిన చోటు నుంచి ఎంతో దూరం పోలేదన్నమాట.

వస్తువు ఎలా పుట్టిందో తెలీకుండా దానికి ఉపమానం కట్టకూడదు. ఇది నా చాదస్తమే అనుకో. ఈమధ్య పోటీ కథలన్నిట్లోనూ రాయి ఏడుస్తుంది, ఏరు నవ్వుతుంది, పైన నాలుగు యాస మాటలు చల్లితే ఉత్తరాంధ్ర కథ అయిపోతుంది. బహుమతులు కూడా ఇస్తున్నారు!

కుర్రతనంలో గరివిడి వైపు మాంగనీసు గనిలో గుమాస్తాగా చేశాను. ఒకరోజు మేస్త్రీ ఒక ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నల్లటి మాంగనీసులో తెల్లటి పలుగురాయి పెచ్చులు. భూతద్దం చేతికిచ్చి, "ఈ పెచ్చు ఆ పక్క పెచ్చులోంచి ఊడిందేనండి, చూడండి" అన్నాడు. ఒకదాని వంపు రెండోదానికి సరిగ్గా సరిపోయింది. రాయి ఉన్నచోటే పగిలింది, పగుళ్ళలోకి దిగిన నీరు మోసుకొచ్చిన ఖనిజం వాటిని పట్టేసింది. కథలో అదంతా రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు "పాఠకులకి గనుల గొడవెందుకండీ" అని ఆ పేరా ఎత్తేసి, ఖాళీలో హీరోయిన్ బొమ్మ వేయించాడు. మనియార్డరు కూడా రాలేదు.

కొండచరియ విరిగి పాదం దగ్గర పోగుపడినా, భూమి పొరలు జరిగినచోట రాయి నలిగినా, సున్నపురాతి గుహ కప్పు కూలినా, అగ్నిపర్వతం పేలినా, ఉల్క పడినా బ్రెక్షియా పుడుతుంది. 1972లో అపోలో 16 వాళ్ళు చంద్రుడి మీంచి తెచ్చిన రాళ్ళలో ఎక్కువ భాగం ఇదే. అక్కడ ఏ నాగావళి పదును పెట్టిందంటావు?

మళ్ళీ ఆ బండ దగ్గరకి వెళ్ళు. పెచ్చులన్నీ ఒకే రకమా, కలగాపులగమా? కొండ ఖోండలైటుదైతే, అంటే మన తూర్పు కనుమల్లో తరచూ కనపడే ఆ రాయిదైతే, దాని ఎర్రటి గార్నెట్ చుక్కలు పెచ్చుల్లోనూ కనపడుతున్నాయా? కనపడితే కొండమీంచి జారినవేమో చూడు. పక్కన గీతలు పడి నున్నగా మెరిసే పలక ఉంటే, పొరలు జరిగి నలిగిందేమో ఆలోచించు. పెచ్చుల మధ్య ఖనిజాన్ని చాకుతో గీకు. పలుగైతే గీత పడదు. కాల్సైటైతే, అంటే సున్నపురాతిలో ఉండే ఖనిజమైతే, పల్చటి ఆసిడ్ చుక్కకి బుస్సుమంటుంది. తుప్పు రంగుంటే ఇనుము అనుకో. ఇంకోటి, అది పాత కల్వర్టు కాంక్రీటు కాదు కదా? కంకరకీ అంచులుంటాయి. గాలి బుడగల గుంటలుంటే ఆ బండని కథలోంచి తీసెయ్.

కలం పేరు, పుస్తకం ఎవరు వేస్తారన్నది నన్నడక్కు. ఆ పేజీ తిరగరాసి పంపు, ఈసారి మార్జిను వదులు.